రబ్బర్లు లాక్కున్న టీచరమ్మ

వేడి పలక మీద వెండి సిరా ఆరేటప్పుడు ఒక వాసన వస్తుంది. స్పిరిట్ దీపం అప్పుడే ఆర్పినట్టుండే వాసన. ఆత్మకూరు బస్టాండు దగ్గర మేడ మీద ఒక అద్దె గదిలో రోజూ ఆ వాసన మధ్యే నా పని. రోజూ పీల్చేదే అయినా ఒక్కోసారి ఉన్నట్టుండి ఉదయగిరి హైస్కూలు సైన్సు గది కళ్ళముందుకు వచ్చేస్తుంది. ఆ గదిలో బల్లకు ఆనుకుని సుగుణ టీచర్ నిలబడి ఉంటుంది. "ఏందే ఎస్తేరూ, చేతులు కట్టుకోని కూర్చున్నావు?" అంటుంది. పోయాక కూడా ఆమె నన్ను తీరిగ్గా కూర్చోనివ్వదు.

నేను చేసే పని మా బంధువులకే అర్థం కాదు. "ఫ్లెక్సీలు కొడతావంట కదా" అని అడుగుతారు. ఫ్లెక్సీలు కాదు తల్లీ, కరెంటు నడిచే గీతలు కొడతాను! మామూలుగా సర్క్యూటు బోర్డు చేయాలంటే పలకంతా రాగి పరిచి, అక్కర్లేని రాగిని మందునీళ్ళలో కరిగించేస్తారు. మిగిలిందే సర్క్యూటు. మా పద్ధతిలో తీసివేత లేదు. ఇళ్ళలో ఉండే ప్రింటర్ లాంటిదే, రంగు సిరాకు బదులు వెండి రేణువుల సిరాతో, ప్లాస్టిక్ రేకు మీద గీత కావలసిన చోట మాత్రమే చుక్కలు వేసుకుంటూ పోతుంది. వేడి చేస్తే ఆ చుక్కలన్నీ కలిసి తీగ అవుతాయి. చెన్నైలో చదివేటప్పుడు ఈ సంగతి మొదటిసారి విని క్లాసంతా నోరెళ్ళబెట్టింది. నాకు మాత్రం నవ్వొచ్చింది. చెరపకుండా పని చేయడం నాకు ఎనిమిదో తరగతి నుంచే అలవాటు.

బడి తెరిచిన రోజునే సుగుణ టీచర్ మా అందరి రబ్బర్లూ లాక్కుని బిస్కెట్ల డబ్బాలో వేసి బీరువాకు తాళం పెట్టేసింది. నేను ఊరుకునే రకం కాదు. "మా నాయన కొనిచ్చినాడు టీచర్, అది వాసన రబ్బరు" అని ఎదురు తిరిగాను.

"పరీక్షలైనాక తీరిగ్గా వాసన చూసుకుందువులే. తప్పు రాస్తే రాయి, కొంపేం మునగదు. దాని మీద ఒక గీత కొట్టి, పక్కన ఒప్పు రాయి. చెరిపేసినావనుకో, యాడ తప్పినావో నీకే తెలీదు. మళ్ళీ ఆడే పడతావు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ ఏడాది నా నోటుపుస్తకం చూసి మా అమ్మ తల పట్టుకుంది.

అప్పటికే టీచర్‌కు మోకాళ్ళు వంగేవి కావు. ఆదివారం చర్చిలో అందరం చాపల మీద కూర్చుంటే ఆమె ఒక్కతే గోడవారగా కుర్చీలో కూర్చునేది. ఆమె వయసేమీ పెద్దది కాదు, పుట్టినప్పటి నుంచీ తాగిన ఫ్లోరిన్ నీళ్ళే ఆమెనలా చేశాయి. మా వీధిలో సగం మందికి పళ్ళు పచ్చగా ఉండేవి. మాకదే మామూలనుకునేవాళ్ళం.

ఒకరోజు ఆమె రెండు పరీక్షనాళికలు తెచ్చింది. ఒకదాంట్లో బ్యాటరీ నీళ్ళు, అంటే బ్యాటరీల్లో పోసే ఏమీ కలవని శుద్ధమైన నీళ్ళు; రెండోదాంట్లో బడి కుళాయి నీళ్ళు. రెండింట్లోనూ సిల్వర్ నైట్రేట్ చుక్కలు వేసింది. బ్యాటరీ నీళ్ళు అట్లాగే ఉన్నాయి. కుళాయి నీళ్ళు పాలలా తెల్లబడ్డాయి.

"ఇదేనా టీచర్, పళ్ళు పాడు చేసేది?" అన్నాను.

"కాదే. ఇది ఉప్పు. ఉప్పు తగిల్తే ఈ మందులోని వెండి విరిగిపోతాది. పళ్ళనీ, నా మోకాళ్ళనీ తినేది వేరే ఉండాది. దాన్ని మీకు చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు." నాళికను బల్ల మీద పెట్టి నా వైపు తిరిగింది. "పెద్దయినాక నువ్వు చేసి చూపియ్యి. నోరు బాగా ఉండాది కదా, చెయ్యి కూడా ఉందేమో చూద్దాం."

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఆ మాట నాకు సూటిగా తగిలింది.

చదువయ్యాక నేను ఆత్మకూరులో గది తీసుకున్నది అందుకే. వేలెడంత ప్లాస్టిక్ పట్టీ, దాని మీద వెండి గీతలు, చివర ఫ్లోరైడు తగిలితే స్పందించే పూత. బోరింగు నీళ్ళ చుక్క వేసి చిన్న మీటరుకు తగిలిస్తే అంకె కనిపించాలి. ఎవరి ఇంటి ముందు వాళ్ళే చూసుకోవాలి. అనుకోవడం తేలికే. ఒకరోజు గీతలు అద్దంలా వచ్చేవి, మర్నాడు ముక్కలు ముక్కలుగా తెగేవి. సిరా మార్చాను, రేకు మార్చాను, ప్రింటర్‌ను తిట్టాను. చివరికి ఉదయగిరి బస్సెక్కి టీచర్ దగ్గరికి వెళ్ళాను. అప్పటికామె రిటైరై చేతికర్రతో నడుస్తోంది. నడుమూ బిగుసుకుంటోంది.

"నా వల్ల కాదు టీచర్. వదిలేస్తాను."

"వదిలేయ్. నేను మంచాన పడినాక మళ్ళీ మొదలుపెట్టు. అప్పుడైతే తొందర ఉండదు" అంది. ఆ తర్వాత, "చెడిపోయిన పట్టీలు ఏం చేసినావు?"

"పారేశాను."

ఆమె ముఖం మాడిపోయింది. "అంటే చెరిపేసినావు."

దెబ్బ కొట్టినా అంత బాధపడేదాన్ని కాదు. ఆనాటి నుంచి చెడిన ప్రతి రేకు మీదా ఆ రోజు ఏం చేశానో రాసి గోడకు అంటించాను. గోడ నిండాక టీచర్ కర్ర పట్టుకుని, మెట్టుమెట్టుకూ ఆగుతూ, నా మేడ ఎక్కి వచ్చింది. కుర్చీ వేయించుకుని గోడకెదురుగా కూర్చుంది. రేకుల మీద రాసినవి ఒక్కొక్కటే చదివింది. గీతలు తెగినవన్నీ ప్రింటర్‌లో సిరా చిమ్మే మూతిని కడిగిన రోజులవే.

"దేంతో కడుగుతుండావు?"

"దేంతోనేముంది టీచర్, కుళా..."

చటుక్కున లేచాను. గ్లాసులో కుళాయి నీళ్ళు పట్టి రెండు చుక్కల సిరా వేశాను. వెండి ముద్దలు కట్టి అడుక్కి దిగింది. టీచర్ కర్ర నేలకేసి కొట్టి, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. "ఓసి నీ చదువు తగలెయ్య! ఎనిమిదో తరగతిలో చూపించినా కదే!" నేను కిందికి పరుగెత్తి మెకానిక్ షాపులో బ్యాటరీ నీళ్ళు తెచ్చాను. ఆ రోజు నుంచి గీత తెగలేదు.

పూత కుదరడానికి ఇంకా చాలాకాలం పట్టింది. కుదిరాక మొదటి పట్టీ టీచర్ వీధి బోరింగు దగ్గరికే తీసుకుపోయాను. చుక్క ఆమే వేసింది. మీటరులో అంకె తాగే నీళ్ళకుండే హద్దు దాటి చాలా పైకి పోయింది. నాకు చెప్పబుద్ధి కాలేదు. జీవితమంతా ఆమె తాగినవి ఆ నీళ్ళే.

"దాచి ఏం చేస్తావు? చూపియ్యి" అంది. చూసింది, తల ఊపింది. "ఇన్నాళ్ళకు దీని మొహం చూసినా" అంది. ఎర్ర రంగు తెప్పించి, బోరింగు దిమ్మె మీద ఆ అంకెను కుర్చీలో కూర్చుని తనే రాసింది. ఆ వారం నుంచే ఆ వీధి ఆడవాళ్ళు తాగే నీళ్ళకు వేరే చోటికి నడవడం మొదలుపెట్టారు.

టీచర్ ఆ ఏడాది ఎండాకాలం దాటలేదు. సమాధి దగ్గర ప్రార్థన ముగించుకుని తిరిగొస్తుంటే, వీధిలో పెద్దాయన ఒకాయన నన్ను బోరింగు దగ్గర ఆపాడు. చెడ్డవాడేమీ కాదు, టీచరంటే గౌరవమున్న మనిషే.

"అమ్మే, ఆ అంకె ఊరికి మచ్చగా ఉండాది. సంబంధాలకు వచ్చేవాళ్ళు చూసి వెనక్కి తిరిగి పోతుండారు. టీచరమ్మ కూడా పోయింది కదా, దాన్ని చెరిపించెయ్యి."

నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. ఆ ఎర్ర అంకె చివర ఆమె చెయ్యి జారిన గుర్తు కూడా అలాగే ఉంది.

"చెరపను మామా. మంచినీళ్ళ పైపు కోసం అర్జీ పెడదాం, ఆఫీసుల చుట్టూ నేనే తిరుగుతా. మంచినీళ్ళు వచ్చిన రోజు దీని మీద ఒక గీత కొట్టి, కొత్త అంకె పక్కన రాస్తా."

పైపు ఇంకా రాలేదు. అర్జీలు పెడుతూనే ఉన్నాను. ఉదయగిరి వెళ్ళినప్పుడల్లా పట్టీ ఒకటి సంచిలో పెట్టుకుంటాను, ఎర్ర రంగు డబ్బా కూడా. దిమ్మె మీద ఆమె అంకె పక్కన చోటు ఉంది.