ఎనిమిదో తరగతి ఏకగ్రీవం

అమరచింత దగ్గరి ఒక ఊరి బడిలో నేను సాంఘికశాస్త్రం చెబుతాను. పుస్తకంలో ఉన్నదానితో ఊరుకోకపోవడం నాకున్న జబ్బు. ఈ ఏడు ఎనిమిదో తరగతికి ఓట్లలో రకాలు చెప్పాను. విహారయాత్రకు జూరాల డ్యామా, గద్వాల కోటా, సోమశిలా అని చేతులెత్తమంటే జూరాల గెలిచింది. ఇష్టాన్ని బట్టి ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేయమంటే కోట గెలిచింది. తక్కువ ఓట్లు వచ్చినదాన్ని తీసేసి మళ్లీ ఓటేయించినా కోటే.

"గట్లెట్ల టీచర్? మనుషులు మేమే గద!" అని పిల్లలు నోరెళ్లబెట్టారు. నాకు ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది. క్లాసు లీడరు ఎన్నిక ఏ పద్ధతిలో జరగాలో మీరే తేల్చుకుని రండి అన్నాను.

పోటీలో ఇద్దరు. ఒకడు ట్రాక్టర్లున్న రైతు కొడుకు. రెండోది ఒక అమ్మాయి. తల్లిదండ్రులు పుణెలో కూలి పనిలో ఉంటే, ఇక్కడ అవ్వ దగ్గర ఉండి చదువుకుంటోంది. లీడరు కావాలని ఆ పిల్లకు ఎంత ఆశంటే, ప్రతి బెంచీ దగ్గరా నిలబడి ఓటు అడిగింది.

మరునాడు నేను చీటీలు, చెప్పుల అట్టపెట్టె పట్టుకుని వెళ్లేసరికి క్లాసంతా చప్పట్లు.

"ఏకగ్రీవం అయింది టీచర్! వాడు లీడర్, ఈమె ఉపలీడర్. మొన్న ఊర్ల సర్పంచికి గిట్లనే చేసిండ్రు. పద్ధతి మీరే తేల్చుకోమంటిరి గద!"

అన్నది నేనే. ఆ అమ్మాయిని వరండాలోకి పిలిచి, ఎవరైనా బెదిరించారా అని అడిగాను.

"లేదు టీచర్. అందరు మంచిగనే చెప్పిండ్రు. కొట్లాట వద్దన్నరు. తప్పుకున్న."

తిట్టడానికి ఒక్కడైనా దొరకలేదు. ఆ కోపం ఎవరి మీద చూపాలో తెలియక హెడ్మాస్టరు దగ్గరికి వెళితే ఆయన సంబరపడ్డారు. "లొల్లి లేకుంట అయిపాయె. ఇంకేం గావాలె మేడం?"

సాయంత్రం అందరూ వెళ్లాక ఆ అమ్మాయి ఆగింది. నేను చెరపొద్దన్న మూడు పద్ధతులూ బోర్డు మీద అలాగే ఉన్నాయి.

"టీచర్, ఓట్లు పెట్టుంటే నేను గెలుస్తుంటినా?"

నిజంగానే తెలియదు. తెలియదమ్మా అన్నాను.

"సరే టీచర్" అని డస్టరు అందుకుంది. బోర్డు తుడవడం ఉపలీడర్ పని. పై వరుస అందకపోతే నా కుర్చీ లాక్కుని, ఎక్కి, మొత్తం శుభ్రంగా తుడిచింది.