గోనెసంచి చెవుల గుడ్డెలుగు

ఈ రోజుల్లో ఫోన్ ఉన్న ప్రతి చేతిలోనూ ఒక దీపం ఉంది. నా పెళ్లయిన కొత్తలో మాత్రం, ఆసిఫాబాద్ దగ్గరి మా అత్తగారి ఊళ్లో, చీకట్లో నడవడం ఒక చదువు. (అక్షరాలు నాకు నలభై దాటాక వచ్చాయి, ఈ చదువు మాత్రం ఒక్క తెల్లవారుజామునే వచ్చింది, అదీ గుండె ఆగినంత పనయ్యాక.) నేను మెట్‌పల్లి పిల్లను. పుట్టింటి గుమ్మం ముందే కరెంటు స్తంభం ఉండేది కాబట్టి, చీకటంటే కళ్లు మూసుకుంటే వచ్చేదనుకునేదాన్ని. సాగనంపేటప్పుడు బాపు మూడు సెల్లుల బ్యాటరీ లైటు కొనిచ్చాడు. మెడలో గొలుసుకన్నా దాన్నే గొప్పగా చూసుకునేదాన్ని.

వేసవిలో తునికాకు కోతకు ఆడవాళ్లు చీకటి ఉండగానే గుట్టెక్కేవారు. రోజంతా ఇంట్లో ఒక్కదాన్నే ఉండలేక నేనూ వస్తానని అత్తను బతిమాలాను. "రా. గని నీతోని ఆలస్యమైతే రేపటి సంది ఇంట్లనే పెండ తీసుకుంట కూసో," అంది. అత్త ముందు నడిచింది, చేతిలో కర్ర, ఆకు మోసే గోనెసంచి తల మీద ముసుగులా, రెండు మూలలూ పైకి పొడుచుకుని. వెనుక నేను. నా కొంగు పట్టుకుని పక్కింటి రేడియో వదినె (నోరు మూతపడదు కనుక ఆ పేరు). నా లైటు ఎంత దూరం పోతుందో అందరికీ చూపించాలని, అడుగుల దగ్గర వేయకుండా నేరుగా ముందుకు, అత్త వీపు మీదికి వేశాను.

దారి మలుపులో పెద్ద బండ ఉంది. మలుపు తిరగ్గానే ఆ బండ మీద లేచింది గుడ్డెలుగు! రెండు చెవులు నిక్కపొడిచి, నల్లగా, తాటిచెట్టంత ఎలుగుబంటి. వదినె మాట ఠక్కున ఆగింది. అత్త కర్ర ఎత్తింది. అదీ చేయెత్తింది. అత్త మెల్లగా వెనక్కి జరిగింది. అది పెరిగింది! ఇంకో అడుగు వెనక్కి. ఇంకా పెరిగింది! అది మమ్మల్ని చూడకూడదని నేను లైటు ఆర్పేశాను.

"ఎందుకార్పినవే? ఏడికొచ్చిందో ఎట్ల కనపడ్తది?" అని అత్త గదిమింది.

వెలిగించాను. చేతులు వణుకుతుంటే బండ మీద అది గంతులేస్తోంది. "అయ్యో, మీదికి దుంకుతుంది చిన్నమ్మా!" అని వదినె అత్తను పట్టుకుని గుంజింది. గోనెసంచి జారి కింద పడింది.

గుడ్డెలుగు చెవులు రెండూ రాలిపోయాయి.

అత్త మెల్లగా చెయ్యి ఊపింది. బండ మీది చెయ్యీ ఊగింది. "ఓ పిల్లా," అంది, "గిది నేనేనా?"

ఇక నా బతుకు పెండ కాడే అనుకున్నాను. అత్త బండకు ఆనుకుని కూర్చుంది, నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. లేచాక నన్ను ముందుకు తోసింది. "నువ్వే ముందు నడువు. లైటు కాళ్ల కాడ పడాలె. రాయొస్తె రాయని, ముల్లొస్తె ముల్లని ఎనకోళ్లకు చెప్పు. ఒకరి ఈపు మీద, మొకం మీద ఎయ్యద్దు." తర్వాత వదినె వైపు తిరిగి, "గీ ముచ్చట ఊళ్లె తెలిసిందా, చూడు మల్ల!" అంది. మధ్యాహ్నం ఆకు అప్పజెప్పే కల్లం దగ్గర ప్రతివాడూ, "గుడ్డెలుగు బాగున్నదా?" అని అత్తను పలకరించాడు.

మొన్న కరెంటు పోయినప్పుడు తలకు కొంగు కప్పుకుని పెరట్లోకి వెళ్లాను. కోడలు వెనుక నుంచి ఫోన్ లైటు వేసింది. ఎదురు గోడ మీద అత్త నిలబడి ఉంది. ఆమె పోయి ఎన్నో ఏళ్లయింది. "లైటు కాళ్ల కాడ వెయ్యి బిడ్డా" అన్న మాట నోటిదాకా వచ్చింది. అనలేదు. చెయ్యెత్తాను, ఆమె కూడా ఎత్తింది.