చిలుకల పంజరంలో ఆడగొంతు

మా ఆయన హసింతోకి ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. తిట్లు తినడం. కొందరు కాఫీ తాగందే మంచం దిగరు. ఈయన నా చేత తిట్లు తినందే గుమ్మం దిగడు. పెళ్ళైన మొదటి నలభై ఏళ్ళు ఊళ్ళో అందరు మొగుళ్ళలాగే నా నోటికి భయపడ్డాడు. ఆ తరవాతే రుచి మరిగాడు.

మచ్చుకి ఒక పూట చెబుతాను. వంటింటి అటక మీద బెల్లం కుండ ఉంటుంది. అడిగితే పెడతాను. అడగడు. అరవై దాటిన మనిషి, మోకాళ్ళు పటపటమంటుంటే స్టూలెక్కి కుండలో చెయ్యి పెడతాడు.

“ఎవడ్రా అది? దిగు కిందికి!”

దిగడు. చెయ్యి కుండలోనే ఉంచి తల ఇటు తిప్పుతాడు. “ఆఁ? వినబడలేదు.”

“చెయ్యి తియ్యి! నీ చేతులు విరిగిపోను! నీ అబ్బ దాచాడా అక్కడ?”

“‘అబ్బ’ దగ్గర నిన్న ఇంకొంచెం సాగదీశావు తొమాసా. నిన్నటిదే బాగుంది.”

అక్కణ్ణించి పెరట్లోకి. పొదుగుతున్న కోడి బుట్ట దగ్గర కూర్చుని చెయ్యి చాస్తాడు. “గుడ్లు ముట్టావో, ఒక్కో వేలూ విరిచి పొయ్యిలో పెడతా!” అని అరుస్తాను. కళ్ళు మూసుకుని, పెదాలు కదుపుతూ, జపమాల తిప్పే ముసలమ్మలా వింటాడు. ఆ మాటల్నే నోట్లో నములుకుంటూ పనికి పోతాడు.

పని అంటే చిలుకల పని. అగ్నిపర్వతానికి పోయే దారిలో పసుపు మెడ చిలుకల కేంద్రం ఉంది. అడవిలో ఆ జాతి అడుగంటిపోయింది. తొర్రల్లోంచి పిల్లల్ని ఎత్తుకొచ్చి బస్టాండులో అమ్మేస్తే ఏం మిగులుతుంది? అందుకని పంజరాల్లో గుడ్లు పెట్టించి, పిల్లల్ని పెంచి, అడవికి వదులుతారు. వదలబోయే పిల్లల ముందు మనిషి నోరు విప్పకూడదు. మాట నేర్చిన చిలుక మనిషి భుజాన్ని వెతుక్కుంటూ దిగివస్తుందట.

ఆ చిలుకలంటే నాకు పడదు. దాచడం దేనికి? బొప్పాయి గుజ్జు వాటికి, తొక్కలు మా పందికి, రెట్ట పడిన చొక్కా నాకు. నేను పుట్టిన రోజు ఆయనకు గుర్తుండదు గానీ, అరవై మూడో నంబరు గుడ్డు ఏ రోజు పగిలిందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. వాటి తాత ముత్తాతల పేర్లతో లావుపాటి పుస్తకం ఉంది. మా నాన్నకు నాన్నెవరో మా నాయనమ్మకే అనుమానం. ఆ పుస్తకం చూసే ఏ ఆడదానికి ఏ మగాడో జత కడతారు. మూతి మూతి రాసుకుంటున్న జంటనైనా సరే, పుస్తకం కాదంటే విడదీసి తలో పంజరంలో పడేస్తారు.

“ఇదేం పెళ్ళయ్యా, పాపం?” అన్నానొకసారి.

“పాపమే తొమాసా. జాతి నిలవకపోతే అంతకంటే పాపం” అన్నాడు. ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. నాకు జ్వరమొచ్చిన వారం మాత్రం రెండు పూటలా సుబ్బరంగా తిన్నాడు.

ఇలా ఉండగా పక్కింటి ఎన్‌గ్రాసియా ఓ మధ్యాహ్నం గోడ మీద మోచేతులు ఆనించింది. “చెప్పకూడదు గానీ అక్కా...”

“చెప్పకూడనిది నీ కడుపులో ఎప్పుడు ఆగింది? కక్కు.”

“ఏటికి బట్టలు తీసుకెళ్తూ విన్నాను. కేంద్రం వెనక పంజరంలో బావతో ఎవరో ఆడమనిషి.”

“ఏం చేస్తోంది?”

“తిడుతోంది. గొంతు ఎక్కడో విన్నట్టే ఉంది.”

నవ్వుతోందంటే ఊరుకునేదాన్నేమో. తిడుతోందా! ఆ మనిషిని తిట్టే హక్కు చర్చిలో ఫాదర్ ముందు ప్రమాణం చేసి తెచ్చుకున్నాను నేను. రొట్టెల పిండి చేతులతోనే బయలుదేరాను.

పంజరం తడిక వెనక నిలబడి చెవి ఆనించాను. నిజమే. “చెయ్యి తియ్యి! నీ చేతులు విరిగిపోను!” అంటోంది. అదేం గొంతు, తల్లీ! పగిలిన బానలో గులకరాళ్ళు పోసి ఊపినట్టుంది. ఈ గొంతు కోసమా మా ఆయన నన్ను కాదనుకున్నాడు!

ఒక్క తన్ను తన్నాను. తలుపు ఊడి పడింది. లోపల మా ఆయన నిచ్చెన మీద ఉన్నాడు, తొర్ర ఉన్న మొద్దులో చెయ్యి పెట్టి. చుట్టూ ఆరు చిలుకలు. ఆడపురుగు లేదు.

“ఎక్కడ దాచావు దాన్ని?”

“ఎవర్ని?”

“నిన్ను తిట్టేదాన్ని!”

“ఇప్పుడే తలుపు తన్ని వచ్చింది” అన్నాడు.

ఈలోగా పై కొమ్మ మీద చిలుక నన్ను చూసి, “ఎవడ్రా అది? దిగు కిందికి!” అంది. రెండోది, “నీ అబ్బ దాచాడా?” అంది. సాగదీసి మరీ.

అరుపులకు డాక్టరమ్మ మీరెయా పరుగెత్తుకొచ్చింది. ఆ కేంద్రానికి ఆవిడే పెద్ద. వింటూనే తల పట్టుకుంది. “దోన్ హసింతో! ఇవి దోన్యా తొమాసా గొంతుతో మాట్లాడుతున్నాయేమిటి?”

“నాదా? నా గొంతు ఇలా ఉంటుందా?” అన్నాను.

మా ఆయన తొర్రలోకి తల తిప్పుకున్నాడు.

డాక్టరమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “మాట నేర్చాక ఇవి అడవికి పనికిరావు. వీటిని ఇక వదలలేం. బోనులోనే ఉంచి గుడ్లు పెట్టించుకోవాలి, చచ్చేదాకా.”

మా ఆయన నిచ్చెన దిగాడు. నా ముందు ఎన్నడూ గొంతు పెంచని మనిషి. “ఎందాకా పెట్టిస్తారమ్మా గుడ్లు? వీటి తాత బోనులోనే పోయాడు, అమ్మా బోనులోనే పోయింది. పుస్తకంలో అంకె పెరిగితే చాలా? పోయినసారి పన్నెండింటిని వదిలాం. తొమ్మిదింటిని పట్టుకుపోయారు. పోట్లాడటానికి ఒక్క మాటైనా ఇవ్వకుండా పంపాం వాటిని.”

“మాటిస్తే మనిషి దగ్గరికొస్తాయి!”

“ఇవి రావు. మనిషి చెయ్యి తొర్రలోకి వస్తే తిట్టడమే నేర్పాను. మంచి మాట ఒక్కటీ నేర్పలేదు. ఇక్కడి దొంగలకు తుపాకీ భయం లేదు, పోలీసు భయం లేదు. ఉన్న భయమల్లా తొమాసా నోరే. నాకా, తిట్టడం రాదు. ఈవిడా, కోపం రాందే తిట్టదు. అందుకే రోజూ తెప్పించుకుని, విన్నది విన్నట్టు ఈవిడ గొంతుతోనే వీటికి అప్పజెప్పాను.”

బెల్లం మీద ఆయనకు మోజు లేదట. చక్కెర జబ్బు మనిషి, నాకు తట్టనే లేదు!

“భయపడతారని ఏమిటి నమ్మకం?” అంది డాక్టరమ్మ.

“ఫౌస్తోని పిలవండి” అన్నాను నేను. ఫౌస్తో నా జ్ఞానపుత్రుడు. జ్ఞానస్నానం నాడు ఎత్తుకున్నది నేనే. చిలుక పిల్లల దొంగల్లో మొదటివాడూ వాడే. పంజరం కప్పు బాగుచేయాలని కబురు పెట్టించి, నేను గదిలో దాక్కున్నాను. వాడొచ్చి స్తంభం సగం ఎక్కాడో లేదో, “ఎవడ్రా అది? దిగు కిందికి!” అని పై కొమ్మ చిలుక అరిచింది.

దిగలేదు, జారాడు. టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు. “అమ్మా! ఈ ఏడాది ఏమీ తియ్యలేదమ్మా! పోయినేడు తీసినవి రెండే, ఒకటి మా అత్తకే ఇచ్చాను!”

డాక్టరమ్మ నవ్వాపుకోలేక గోడ పట్టుకుంది. “సరే గానీ, వీటిని వదలడానికి పంపే కాగితంలో ‘మాట్లాడతాయి’ అని రాస్తే పైవాళ్ళు ఆపేస్తారు.”

“‘అరుస్తాయి’ అని రాయండి. అబద్ధం కాదుగా” అన్నాడు మా ఆయన.

ఆరింటినీ జనవరిలో వదిలారు. ఆ ఏడు బస్టాండులో ఒక్కటీ దొరకలేదు. మరుసటి ఏడూ దొరకలేదు. మూడో ఏడు మా ఆయన నన్ను అడవికి తీసుకెళ్ళాడు. పెళ్ళయ్యాక నన్ను ఆయన తీసుకెళ్ళిన మొదటి చోటు అదే. పెద్ద బూరుగు చెట్టు కింద ఆయాసం వచ్చి మానుకు చెయ్యి ఆనించాను.

“చెయ్యి తియ్యి! నీ చేతులు విరిగిపోను!”

ఠక్కున తీశాను. తొర్రలోంచి కొత్త గొంతు ఒకటి, ఇంకా నోరు తిరగనిది, “తియ్యి, తియ్యి” అంది. మా ఆయన నా ముందే దానికేసి చూసి అలా మురిసిపోతుంటే ఒళ్ళు మండింది.

“ఎవతో గానీ దాని నోరు మంచిది కాదు, పద” అన్నాను.

దూరంగా పోయి నిలబడ్డాం. ఆయనకంటే నేనే రెండడుగులు ఎక్కువ దూరంలో.