స్పీకర్ వైర్లు అతికే మా చిన్నాయన

మా చిన్నాయన పోయాడు. మూడో పీరియడ్ మధ్యలో చిన్నమ్మ ఫోన్ చేసింది. క్లాసులో ఉంటే నేను ఫోన్ ఎత్తనని ఆమెకు తెలుసు. అయినా రెండోసారి మోగింది, మూడోసారి మోగింది. ఎత్తగానే, "మీ చిన్నాయన లేడు మే. టీ తాగతా తాగతా కుర్చీలోనే వాలిపోయినాడు" అంది. ఏడవలేదు. ఆమె ఏడవకపోయేసరికి విషయం నా బుర్రకెక్కడానికి కాసేపు పట్టింది. నేను కొత్తచెరువు హైస్కూల్లో సోషల్ చెబుతాను. ఆరోజు పాఠం ఎక్కడ ఆపానో ఇప్పటికీ గుర్తు రావడం లేదు.

ముందే ఒక సంగతి చెప్పాలి. నాకు పుట్టుకతోనే చూపు లేదు. జాలి కోసం చెప్పడం లేదు, జాలిపడేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. ఇది చెప్పకపోతే చిన్నాయన నాకు ఏమయ్యేవాడో మీకు తెలీదు. నేను కంప్యూటర్‌తో చదువుతాను, కంప్యూటర్‌తోనే రాస్తాను. తెర మీద ఉన్నదంతా అది పైకి చదివి వినిపిస్తుంది. ఆ గొంతు వచ్చేది స్పీకర్లలోంచి. అవి మూగబోతే నా పుస్తకాలన్నీ మూసుకుపోయినట్టే. చెవుల్లో పెట్టుకునేవి వాడొచ్చు కదా అని సలహా ఇచ్చేవాళ్లు బోలెడుమంది. కళ్లు ఎటూ లేవు, చెవులు కూడా మూసుకుంటే ఇంట్లోకి ఎవరొచ్చారో, పొయ్యి మీద పాలు ఏమయ్యాయో నాకెట్లా తెలుస్తుంది? అందుకే నాకు స్పీకర్లే కావాలి. అదీ వైరు మధ్యలో వాల్యూమ్ చక్రం ఉన్నవే కావాలి. చక్రం చేతికింద ఉంటే ఎవరైనా పిలిచినప్పుడు ఠక్కున తగ్గించుకోవచ్చు.

ఆ చక్రాలూ, ఆ వైర్లూ, వాటి చివరి పిన్నులూ బాగుచేసేవాడు మా చిన్నాయన. ధర్మవరంలో వాళ్లింటి ముందుగదే ఆయన షాపు. దానికి బోర్డు లేదు. ఎవరైనా అడిగితే, "బోర్డు సూసి వచ్చేవాడు నాకొద్దు, స్పీకరు పాడైనోడు ఎట్లైనా ఎతుక్కోని వస్తాడు" అనేవాడు. నిజంగానే వచ్చేవాళ్లు.

చిన్నతనంలో ఆయన పని అచ్చులు అతకడం. మగ్గం మీద పాత పడుగు అయిపోవచ్చినప్పుడు, దాని కొసలకు కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటే కలపాలి. వేల పోగులుంటాయి. వేళ్లకు కాస్త బూడిద అద్దుకుని రెండు కొసలూ కలిపి మెలేస్తే పట్టు అతుక్కుపోతుంది. మా అవ్వ దగ్గర నేర్చుకున్నాడు ఆ పని. తర్వాత మా వీధిలో మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. మా నాయన చీరల అంగట్లో గుమస్తాగా చేరాడు. చిన్నాయన రేడియోలు విప్పడం మొదలుపెట్టి, టేప్‌రికార్డర్ల మీదుగా కంప్యూటర్ స్పీకర్ల దాకా వచ్చాడు.

నా మొదటి స్పీకర్ల వైరు ఎలుక కొరికినప్పుడు నా బీఈడీ పరీక్షలకు పది రోజులే ఉన్నాయి. ఏడుస్తూ తీసుకుపోయాను. ఆయన అప్పటిదాకా ఇంత సన్న వైరు విప్పలేదు. పైతొక్క తీస్తే లోపల వెంట్రుకల్లాంటి తీగలు ఉన్నాయట, ఎర్రవి, పచ్చవి, రాగిరంగువి. ఆయన సంబరం చెప్పలేను. "ఇది మన పనే మే! అచ్చం పట్టుపోగు లెక్కనే ఉండాది!" అన్నాడు. చిన్నమ్మను కేకేసి పొయ్యిలోంచి బూడిద తెప్పించాడు. రంగుకు రంగు చూసుకుని, ఒక్కో తీగా విడదీసి, బూడిద అద్ది మెలేశాడు. పొద్దున కూర్చున్నవాడు సాయంత్రం టీ వేళకు లేచాడు. నన్ను తడిమి చూడమన్నాడు. అతుకు ఎక్కడుందో నా వేళ్లకే దొరకలేదు. అంత నున్నగా చేశాడు. పిన్ను పెట్టాం. ఒక్క చప్పుడు లేదు. నేను పకపకా నవ్వాను. పరీక్షల భయంతో వచ్చిన నవ్వు అది, కానీ నవ్వు నవ్వే. ఆయన ఆ పూట అన్నం తినలేదని చిన్నమ్మ తర్వాత చెప్పింది.

మర్నాడు తెల్లారేసరికి మా గుమ్మంలో ఉన్నాడు. "మే, అది ఉత్త రంగు కాదు. తీగకు పైన పూత ఏసినారు. పూత పోనీకుండా ఎంత మెలేసినా లోపల ఒకదానికొకటి తగలదు" అన్నాడు. అగ్గిపుల్ల గీసి కొసలు కాల్చి, సీసం కరిగించి సోల్డరింగ్ పెట్టాడు. స్పీకర్ మాట్లాడింది. ఆ మరగొంతు మొదటిసారి విని, "ఎవురు మే ఈయమ్మ? బస్టాండులో బస్సు యాడికి పోతాదో సెప్పినట్ల మాట్లాడతాంది!" అన్నాడు. అప్పట్నుంచి ఆ గొంతు మా ఇద్దరికీ 'ఆయమ్మ'. నేను పరీక్ష పాసయ్యానంటే, ఉద్యోగం వచ్చిందంటే, అందులో సగం ఆయమ్మది, సగం చిన్నాయనది.

వాల్యూమ్ చక్రం మీద చిన్న సీసపు చుక్క పెట్టేవాడు, గొంతు సగంలో ఉన్నప్పుడు అది నా బొటనవేలికి తగిలేట్టు. వైరు తెగేది ఎప్పుడూ పిన్ను మెడ దగ్గరే కాబట్టి అక్కడ బాల్‌పెన్ను స్ప్రింగు తొడిగేవాడు. ఆ స్ప్రింగుల కోసం నా చేత స్కూల్లో పాడైన పెన్నులన్నీ ఏరించాడు. ఒక టీచరమ్మ చెత్తబుట్టలో చెయ్యి పెట్టి వెతకడం ఏం మర్యాద అని నేను గొణిగితే, "స్ప్రింగు దొరికినాదా లేదా అది సెప్పు" అనేవాడు. ఆషాఢం గాలికి మా వైపు దుమ్ము చొరబడని చోటుండదు. చక్రం తిప్పితే గరగరమనేది. దాన్ని విప్పి, స్పిరిట్ దూదితో తుడిచి, లోపల అరిగిన చోట పెన్సిలు ముక్కతో రుద్దేవాడు. "ఇది సెడిపోలేదు మే, దుమ్ము తిన్నాది. మనం తినలా?" అనేవాడు.

నేను కొత్తచెరువు వచ్చాక సగం వైద్యం ఫోన్లోనే జరిగేది. గరగరా, బుసబుసా? ఒక పక్కా, రెండు పక్కలా? వైరు వంచితే వస్తుందా, పోతుందా అని అడిగేవాడు. నేను చెప్పింది విని రోగం ఎక్కడుందో పట్టేసేవాడు. "నీ చెవులుంటే నాకు మీటరెందుకు మే" అనేవాడు. ఆ మాటకు ఎంత పొంగిపోయేదాన్నో. ఆ చెవులనే ఇప్పుడు తిట్టుకుంటున్నాను.

ఎందుకంటే, పోయిన ఎండాకాలం ఆయన మా ఇంటికి వచ్చాడు. ఎప్పుడూ ఒంటరిగా వచ్చే మనిషి చిన్నమ్మను వెంటేసుకుని వచ్చాడు. కంప్యూటర్ పక్కనే కూర్చుని ఆయమ్మ పేపరు చదువుతుంటే చాలాసేపు విన్నాడు. నాకు స్కూలు రిపోర్టు పంపాల్సిన తొందర. ఉన్నట్టుండి, "మే, ఆయమ్మతో పేపరు సదివించుకునేది నాకు గూడా నేర్పిస్తావా?" అన్నాడు.

"కండ్లు పెట్టుకోని నీకెందుకు చిన్నాయనా ఈ తిప్పలు? సోమరివైపోతాండావు!" అని నవ్వాను.

ఆయనా నవ్వాడు. కానీ ఒక క్షణం ఆగి నవ్వాడు. ఆ ఆగడం నాకు వినబడింది. వైరులో ఏ పక్క తెగిందో చెప్పగల మనిషిని, అది విని కూడా పట్టించుకోలేదు. వెళ్లేటప్పుడు నా భుజం మీద చెయ్యేసి గేటు దాకా వచ్చాడు. ముసలితనంలో ప్రేమ పెరిగిందనుకున్నాను. మురిసిపోయాను కూడా. ఆ తర్వాత పంపిన పిన్ను అతుకు ముద్దగా, మొద్దుగా ఉంటే ఫోన్ చేసి ఎగతాళి చేశాను. "సోల్డరు మంచిది దొరకల్యా మే" అన్నాడు.

కర్మ అయిపోయిన మర్నాడు చిన్నమ్మ నా పక్కన కూర్చుని చెప్పింది. "సుగరు కండ్లకు దిగినాది మే. రెండేండ్లాయ. ఒగ కన్ను పూర్తిగా పోయినాది. రెండోదాంట్లో మసక తప్ప ఏం లేదు. తడుముకోనే పని చేస్తాండ్య. వేళ్లన్నీ కాల్చుకునేది."

"నాకెందుకు చెప్పలేదు చిన్నమ్మా?"

"చెప్పొద్దన్యాడు. నీకైతే అసలే చెప్పొద్దన్యాడు. ఆ పిల్ల పుట్టినకాడ్నుంచి అట్లే బతుకుతాంటే, ఇన్నేండ్లు కండ్లతో సూసినోన్ని నేను పోయి దాని ముందర ఏడ్చేదా అన్యాడు."

నా చెయ్యి పట్టుకుని, "ఆ పొద్దు మీ ఇంటికొచ్చింది పేపరు సదివించుకునేది నేర్చుకునేదానికే" అంది.

నా చెయ్యి ఆమె చేతిలోనే ఉంది, తీసుకోలేకపోయాను. ఆయనకు కోపమొచ్చిందా అని అడిగాను. "కోపమెందుకు? పిల్లకు పనుండాది, మళ్లా అడుగుతాలే అన్యాడు" అంది.

ఆయన ముందు నవ్వకూడని చోట నేను రెండుసార్లు నవ్వాను. మొదటిసారికి ఆయన మర్నాడే వచ్చి జవాబు చెప్పాడు. రెండోదానికి జవాబు చెప్పాల్సింది నేను. నా బతుకంతా ఆయన నాకు దారి చేసి పెడితే, ఆయన చీకట్లోకి పోతూ నన్ను అడిగింది ఒక్కటే. నాకు మాత్రమే బాగా తెలిసినది. ఆ ఒక్కటీ నేను ఇవ్వలేదు. తెలీక ఇవ్వలేదని అందరూ ఓదారుస్తున్నారు. నాకు అది ఓదార్పుగా లేదు.

ఆరోజే ముందుగదిలోకి పోయి ఆయన కుర్చీలో కూర్చున్నాను. బల్ల తడిమి చూశాను. అన్నీ వరుసలో ఉన్నాయి. సోల్డరింగ్ కడ్డీ పట్టుకునేచోట, చెయ్యి ముందుకు జారకుండా రబ్బరు బ్యాండ్లు లావుగా చుట్టి ఉన్నాయి. వస్తువులు ఇట్లా సర్దుకునేది నాలాంటివాళ్లే. బల్ల మధ్యలో ఒక జత స్పీకర్లు. వాటి వైరు మామూలు వైరు కాదు, ముక్కలు కలుపుకుంటూ పోయి చాలా పొడుగు చేశాడు. చుట్ట చుట్టి పెట్టి ఉంది.

"ఇవి ఎవరివి చిన్నమ్మా? వాళ్లకిచ్చేయాలి కదా" అన్నాను.

"ఆయనవే మే. మంచం కాడికి అందల్లని వైరు పొడుగు చేస్తాండ్య. వాల్యూమ్ చక్రం తలగడ పక్కన పెట్టుకోని పేపరు ఇంటాడంట. తయారు చేసుకోనే నీ దగ్గరికి పోతానన్యాడు."

వైరంతా వేళ్లతో చూసుకుంటూ పోయాను. అతుకులన్నీ మొద్దుగా, గట్టిగా ఉన్నాయి. చక్రం దగ్గర మాత్రం ఒక తీగ మిగిలిపోయింది. పూత కాల్చి, రెండు కొసలూ ఎదురెదురుగా పెట్టి ఉన్నాయి. కలపలేదు.

స్పీకర్లకు కరెంటు పెట్టి, ఆయమ్మ గొంతు ఉన్న నా ఫోన్లో పిన్ను గుచ్చి, ఆనాటి పేపరు తెరిచాను. విడిగా ఉన్న ఆ రెండు కొసల్నీ బొటనవేలూ చూపుడువేలూ మధ్య పెట్టి నొక్కాను. బుస్సుమని, ఆయమ్మ మాట్లాడింది. మొదటి పేజీ, కంబదూరు వైపు వాన పడలేదన్న వార్త. వేలు కాస్త సడలితే మాట ఆగిపోతోంది. మళ్లీ నొక్కితే వస్తోంది. చిన్నమ్మ లోపలినుంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆపేయమంటుందేమో అనుకున్నాను. స్టూలు జరుపుకుని నా పక్కన కూర్చుంది.

"పూర్తిగా సదవనీ మే" అంది.

వేళ్లు తిమ్మిరెక్కాయి. చివరి పేజీ అయిపోయేదాకా వదల్లేదు.