మేడం వదిలిన పురుగులు

పిల్లలూ, మనకొచ్చిన పని ఎక్కడికెళ్లినా చెల్లుతుందనుకునే వయసు ఒకటుంటుంది. నాచారం నుంచి ఉప్పల్‌లోని ల్యాబ్‌కు కొత్తగా పనికెళ్లిన ఆ రోజుల్లో నాది సరిగ్గా ఆ వయసే. అద్దాల గదిలో వరి కుండీలకు నీళ్లు పట్టేదాన్ని. మా మేడం గుంటూరు వైపు మనిషి. ఒకే వరి మొక్కలో మూడు జీన్లు పెట్టారావిడ. ఒకటి ఆకుముడత పురుగును చంపడానికి, ఒకటి వరి రసం పీల్చే సుడిదోమను ఆపడానికి, ఒకటి ఎండాకు తెగులును తట్టుకోవడానికి. మూడూ ఒక్కచోట కుదరడానికి ఆరేళ్లు పట్టిందట. (నాకు ఒకే పూట మూడు కూరలు కుదరవు.) పక్క వరుసలో జీన్లు పెట్టని మామూలు వరి ఉండేది. ఎందుకో అప్పట్లో నాకు తెలీదు.

ఒక సోమవారం చూద్దును కదా, ఆకుల నిండా పురుగులు! ఆరేళ్ల కష్టం తినేస్తున్నాయని ప్రాణం ఉసూరుమంది. మా నాయన పొలంలో చేసినట్టే, రోజూ పొద్దున్నే కుండీల మీద కట్టిన నెట్టు ఎత్తి రెండు వరుసల్లోనూ ఏరి సబ్బునీళ్లలో వేశాను. (ఆ నెట్టు పురుగులు బయటికి పోకుండా కట్టారు. లోపలికి రాకుండా కట్టారనుకున్నాను నేను.)

శుక్రవారం మేడం తన మొక్కల్ని చూసి మురిసిపోయారు. పక్క వరుసకు రాగానే ముఖం మారింది. "మామూలు వరిని పురుగు తినెయ్యాలి కదా! ఇదీ పచ్చగా ఉంటే నా జీన్ పనిచేసిందని ఎట్లా చెప్పను?"

అక్కడే ఉన్న మాలి మామ నన్ను చూశాడు. "ఏంది బిడ్డా, గట్ల సెమటలు పట్టినయ్?"

"మేడం... పురుగులు నేనే ఏరిన. మీ మొక్కలు ఖరాబైతయని..."

"వాటిని వదిలింది నేనేనమ్మా! నేను మొక్కలకు పరీక్ష పెడితే, అందరి పేపర్లూ నువ్వు రాసేశావు!"

"గందుకే అన్నీ ఫస్టు క్లాసుల పాసైనయ్," అన్నాడు మామ.

పని పోయిందనే అనుకున్నాను. కానీ మేడం, పురుగుల్ని ఆకుల మీదికి ఎక్కించే సన్న బ్రష్షు ఒకటి నా చేతిలో పెట్టి, "కొత్త పురుగులొస్తాయి. ఈసారి నువ్వే వదులు. ఏరావంటే మాత్రం ఊరుకోను," అన్నారు.

వదిలాను. ఏరాలని వేళ్లు పీకుతుంటే చేతులు వెనక్కి కట్టుకుని తిరిగాను. వారానికి మామూలు వరి ఆకులు తెల్లచారలు పడి ముడుచుకుపోయాయి. మేడం మొక్కల మీద పురుగులు నాలుగు కొరుకులు కొరికి చచ్చి రాలాయి. ఆవిడ కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నారు.

నాకూ ఎంత సంబరమో! కానీ నిజం చెప్పనా? నా చెయ్యి పడకుండానే మొక్క అంత నిటారుగా నిలబడ్డందుకు లోపల కాస్త చిన్నబుచ్చుకున్నాను కూడా. అప్పటి ఆ పిచ్చిపిల్ల ఇప్పుడు నాకెదురైతే దగ్గరికి తీసుకుని తల నిమరాలనిపిస్తుంది.