తుఫాను షెల్టర్లో బావా నేనూ

విమానం దిగేటప్పటికి నాకున్న జబ్బల్లా జలుబొక్కటే. దారి పొడుగునా ఏసీ గాలి సరిగ్గా నా నెత్తి మీదే కొట్టడం వల్ల వచ్చింది. ఇంకో ఏడాదైతే ఎవరూ పట్టించుకునేవారు కాదు. కరోనా వచ్చిన కొత్తల్లో, ఆ మార్చి నెలలో, పరాయి దేశం నుంచి ముక్కు చీదుకుంటూ దిగినవాడంటే బాంబు జేబులో పెట్టుకుని దిగినవాడితో సమానం.

విశాఖపట్నం ఎయిర్‌పోర్టులో నుదుటికి తుపాకీ లాంటిదొకటి గురిపెట్టి జ్వరం చూశారు. లేదన్నారు. అయినా ఎడం చేతి మీద, మేకమాంసానికి మునిసిపాలిటీ వాళ్ళు కొట్టినట్టు, ఒక ముద్ర కొట్టారు. రెండు వారాలు ఇంట్లోంచి కదలకూడదు, ఎవర్నీ తాకకూడదు అన్నారు. మా ఇంట్లో ఉన్నది ఒకటే గది. అందులో అమ్మ, అక్క, బావ, వాళ్ళ ఇద్దరు పిల్లలు, వలలు, ఒక ఫ్రిజ్జు. ఎవర్నీ తాకకుండా అక్కడ ఉండాలంటే ఫ్రిజ్జులో ఉండాలి.

మాది నౌపడ దాటాక సముద్రం ఒడ్డున ఉన్న చేపల ఊరు. నేను మూడేళ్ళు ఒమన్‌లో వెల్డింగు పని చేసి వస్తున్నాను. మా ఊరివాళ్ళకి ఏ దేశమైనా దుబాయే కాబట్టి దుబాయి నుంచి వస్తున్నానన్నమాట. ఇంటికి పొమ్మన్నారు గానీ ఎలా పోవాలో ఎవరూ చెప్పలేదు. పొడుగు చేతుల చొక్కా వేసుకుని, ముఖానికి తువ్వాలు చుట్టుకుని బస్సెక్కాను.

శ్రీకాకుళం దాటి టెక్కలి దగ్గరపడ్డాక తుమ్మొచ్చింది. ముక్కు తుడుచుకుంటుంటే చొక్కా చెయ్యి పైకి జరిగింది. పక్కన కూర్చున్న ముసలమ్మ నా చేతివంక తేరిపార చూసింది.

"ఏటి బాబూ అది, పచ్చబొట్టా?"

"అవునమ్మా."

"ఇంగిలీసులో పొడిపించుకున్నావేటి? పెళ్ళాం పేరా?"

అవునందామనుకున్నాను. ఈలోగా వెనక సీట్లో కాలేజీ అమ్మాయి మెడ చాచి, చదువుకున్న పాపానికి, ఆ ముద్ర మీది అక్షరాలు పైకి చదివేసింది. క్వారంటైన్ అన్న మాట అప్పటికే టీవీలు అందరికీ నేర్పాయి. ఆ ముసలమ్మ కీళ్ళనొప్పులతో బస్సెక్కడానికి ఎంతసేపు పట్టిందో నేను చూశాను. ఆవిడే సీటు మీదనుంచి సీటు మీదకి గెంతుకుంటూ వెనక్కి పోయింది. కండక్టరు ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ, తల బయట పెట్టి, "దిగిపో బాబూ, నీకు దండం పెడతాను" అన్నాడు. నిజంగానే దండం పెట్టాడు, పడిపోతాడేమోనని నాకే భయమేసింది.

దిగిపోయాను. కొంత దూరం రోడ్డు పట్టుకుని, తర్వాత ఉప్పుమళ్ళ గట్ల మీద నడిచాను. ఎండలో ఉప్పు కుప్పలు కళ్ళు చీకట్లు కమ్మేలా మెరుస్తున్నాయి. సూట్‌కేసు చక్రాలు బురదలో కూరుకుపోతే నెత్తికెత్తుకున్నాను. మూడేళ్ళ తర్వాత ఊరికి వస్తున్న వెల్డరు దొర అలా వచ్చాడు.

నాకన్నా ముందే ఫోనులో నా సంగతి ఊరు చేరిపోయింది. ఊరి మొదట్లో మగవాళ్ళందరూ మూతులకి తువ్వాళ్ళు కట్టుకుని నిలబడ్డారు. ముందు మా కులపెద్ద. మా అమ్మకి వరసకి తమ్ముడు, నాకు మావ. తుఫాను వస్తుందంటే పడవలవాళ్ళని హెచ్చరించడానికి ఊళ్ళో ఒక మైకు ఉంది. ఆయన చేతిలో ఆ మైకుంది. నేను ఇటు, ఆయన అటు, మధ్యలో ఒక కాలువ. మామూలుగా మాట్లాడినా వినిపిస్తుంది.

"ఒరే! అక్కడే ఆగు! అడుగు ముందుకెయ్యకు!" అని మైకులో అరిచాడు. కాకులు లేచిపోయాయి.

అప్పుడే టెక్కలి బజారు నుంచి గంపతో తిరిగొచ్చిన మా అమ్మ, గంప అక్కడ పడేసి నా వైపు పరుగెత్తబోయింది. ఇద్దరు ఆడవాళ్ళు చీరకొంగు పట్టుకుని వెనక్కి లాగారు.

"వొగ్గండే! కన్నదాన్ని నాను! ఆడి సీమిడి నాను తుడవనేటి?"

"అప్పా, ఇది మన సీమిడి కాదు. సైనా సీమిడి" అన్నాడు మావ, అదీ మైకులోనే.

ఊరంతా ఊఁ కొట్టింది. నాకు నవ్వాగలేదు. నవ్వితే దగ్గొచ్చింది. దగ్గితే జనం ఇంకో పది బారలు వెనక్కి జరిగారు. చూస్తూ చూస్తూ ఒక ఊరిని ఊరినే వెనక్కి నెట్టగలిగే బలం నా జీవితంలో మళ్ళీ ఎప్పుడూ రాలేదు.

నన్ను తుఫాను షెల్టర్లో పెట్టాలని తీర్మానమైంది. అది ఊరికి ఎడంగా ఎత్తు స్తంభాల మీద కట్టిన మేడ. తుఫాను లేనప్పుడు అందులో మేకలు పడుకుంటాయి, మగవాళ్ళు పేకాడతారు. పేకాటవాళ్ళు చెప్పకుండానే ఖాళీ చేశారు. మేకల్ని తోలడానికి మాత్రం ఎవరూ పైకి రాలేదు, నేనే తోలుకున్నాను.

ఆ సాయంత్రం అమ్మ కానాగంత చేపల పులుసు, వేడన్నం మెట్ల మీద పెట్టి, కిందకి దిగి ఇసకలో కూకుంది. మూడేళ్ళు నేను కలలు కన్న పులుసు అది. నోట్లో పెట్టుకుంటే వాసనా లేదు, రుచీ లేదు.

"ఎలాగుంది?" అంది అమ్మ.

"బాగుందమ్మా."

అప్పటిదాకా నాకు అంతా తమాషాగా ఉంది. అన్నం తిని ఒంటరిగా పడుకున్నాక భయమేసింది. ఫోనులో ఇటలీ శవపేటికలు చూసినవాణ్ణే నేను కూడా. ఊపిరి బిగబట్టగలిగితే జబ్బు లేనట్టేనని ఎవరో వాట్సాప్‌లో పంపారు. చిన్నప్పటి నుంచి సముద్రంలో మునిగినవాణ్ణి, బాగానే బిగబట్టాను. ఆ తర్వాత నిద్రపట్టేదాకా అదే పని. జబ్బు చంపకపోయినా ఆ పరీక్షే చంపేలా ఉంది.

మూడోనాటికి ముక్కు తెరుచుకుంది. పులుసు వాసన కింది మెట్టు నుంచే తగిలింది. నాకు కన్నీళ్ళొచ్చాయి. అమ్మకి మిరపకాయ ఎక్కువైందని చెప్పాను.

ఇక అసలు కథ నా సూట్‌కేసుది. గల్ఫ్ నుంచి ఎవడు వచ్చినా మా ఊళ్ళో వాడికన్నా ముందు వాడి పెట్టెని పలకరిస్తారు. సెంట్లు, సబ్బులు, దుప్పట్లు, ఖర్జూరాలు, నొప్పుల నూనె. పెట్టె ఖాళీ అయ్యాకే మనిషి ఎలా ఉన్నాడని అడుగుతారు. ఇప్పుడా పెట్టె నాతోపాటు షెల్టర్లో ఉంది. ఊరివాళ్ళకి రోగం అంటే భయం. పెట్టె అంటే ఆశ. ఈ రెండింటి మధ్య నలిగిపోయారు పాపం.

మొదట మా వీధి ఆడవాళ్ళు వచ్చారు, కింద నిలబడి నా క్షేమం అడిగారు. కాసేపాగి ఒకావిడ, "బాబూ, సబ్బులకి కూడా అంటుకుంటాదేటి? సబ్బు కదా, దాన్నది కడిగేసుకోదా?" అంది. మంచి ప్రశ్నే. తర్వాత కులపెద్ద మావ వచ్చాడు, ఈసారి మైకు లేకుండా.

"ఒరే, మోకాళ్ళ నూనె తెచ్చావేటి?"

"తెచ్చాను మావా. ఇసురుతాను పట్టుకో."

"వద్దొద్దు! ఎండలో పెట్టు. బాగా ఎండనీ. మన సేపల్లాగ."

అలా నా సామానంతా షెల్టరు డాబా మీద, ఎవరో ఆరేసి వదిలేసిన ఎండు చేపల పక్కన ఎండింది. ఊరంతా కింద నుంచి తలలెత్తి చూసుకుంటూ పోయేవారు. ఏది ఎవరిదో వాళ్ళలో వాళ్ళే పంచేసుకున్నారు. పచ్చ దుప్పటి కోసం ఇద్దరు వదినలు జుట్లు పట్టుకున్నారని అక్క చెప్పింది.

ఈ గొడవలో కనిపించని మనిషి మా బావ ఒక్కడే. మూడేళ్ళుగా ఆయన నాతో మాట్లాడ్డం లేదు. గల్ఫ్ ఏజెంటు వచ్చినప్పుడు ముందు పేరిచ్చింది బావ. వైద్యపరీక్షలో కంటిచూపు చాలదని ఆయన్ని తోసేసి నన్ను తీసుకున్నారు. తన కన్ను నేనే పొడిచినట్టు అలిగాడు. నేను ఫోను చేస్తే అక్కకిచ్చేసి వీధిలోకి పోయేవాడు.

ఒక మధ్యాహ్నం నేను నిద్రపోయి లేచి చూస్తే డాబా మీద ఒక సెంటు సీసా లేదు. మేక తినదు కదా అనుకున్నాను. సాయంత్రానికి తెలిసింది. బావ నడుస్తుంటే వీధి చివరిదాకా అరబ్బు షేకు నడిచినంత వాసన. మా అక్క పట్టేసింది. ఊరికి తెలిసేలోపే బావకి ఒళ్ళు వెచ్చబడింది, గొంతు ఎండిపోయింది, కాళ్ళు వణికాయి. "నాను సచ్చిపోతన్నాను, నాకు అంటుకున్నాది" అని ఆయనే వీధిలో కూలబడి ఏడ్చాడట. ఎవరూ దగ్గరకి రాలేదు. మావ మళ్ళీ మైకు తీశాడు. బావ తన చాప తనే చంకన పెట్టుకుని షెల్టరు మెట్లెక్కి వచ్చాడు. ఘుమఘుమలాడుతున్నాడు.

ఆ చివర ఆయన, ఈ చివర నేను. గోడవైపు తిరిగి పడుకున్నాడు. అటు తిరిగే అడిగాడు.

"ఒరే బామ్మర్దీ. సచ్చేముందు బాగా నొప్పెడతాదేటి?"

"నాకెలా తెలుస్తుంది, నేను చావలేదు కదా."

"అవుననుకో."

మూడేళ్ళ తర్వాత మేమిద్దరం మాట్లాడుకున్న మొదటి మాటలవి.

మర్నాడు ఆశా వర్కరు వచ్చింది. మా ఊరి కోడలే. చేతులకి ప్లాస్టిక్ సంచులు తొడుక్కుని, చేతిలో ఆ జ్వరం తుపాకీ. బావ నుదుటికి గురిపెట్టింది, చూసింది, మళ్ళీ చూసింది.

"మావా, నీకు జొరం నేదు. బెదురున్నాది. దానికి మాత్రలు నా దగ్గర నేవు."

"మరి ఇంటికెల్లిపోవచ్చా?"

"ఎలా ఎల్తావు? ఈడి సామాను ముట్టుకున్నావు, ఈడి దగ్గర పడుకున్నావు. ఉండు."

ఉండిపోయాం. ఆ వారంలోనే దేశమంతా తలుపులేసుకుంది. వేటకి పడవలు పోలేదు, బజార్లు లేవు, బస్సులు లేవు. పై నుంచి చూస్తే ఊరు ఊరంతా ఇళ్ళల్లో దాక్కుంది. ఆరుబయట గాలి పీల్చుకుంటూ, సముద్రం చూస్తూ, వేళకి అన్నం తింటున్నది మేమిద్దరమే.

చేసేదేం లేక బావ దుబాయి కబుర్లు అడిగాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఒకే గదిలో పది మందిమి అరల మంచాల మీద పడుకోవడం, ఎండకి పట్టుకోలేనంత కాలిపోయే ఇనుము, అక్కడి సెలవు రోజు శుక్రవారం కూడా పని, కళ్ళలో నిప్పురవ్వలు, మరుగుదొడ్డి దగ్గర వరస. బావ అంతా విని తల అడ్డంగా ఊపాడు.

"అబద్దాలాడకు. అంత నరకమైతే ఇంత మంచి సెంటు ఎలాగొస్తాది?"

ఎంత చెప్పినా నమ్మలేదు. నాకు కోపమొచ్చి, పోయిన వేసవిలో వెల్డింగు చేస్తూ కాల్చుకున్న భుజం చొక్కా విప్పి చూపించాను. చర్మం ముడతలుపడి ఉంది. బావ లేచి వచ్చాడు. జబ్బు సంగతి మర్చిపోయి, దగ్గరగా కూకుని, వేలితో తాకి చూశాడు.

"మీ అక్కకి సెప్పావా?"

"లేదు."

"సెప్పకు. అమ్మకసలే సెప్పకు." చొక్కా నా భుజం మీద కప్పి, "నన్ను పంపనేదని అలిగాను గానీ, నా కన్ను సాలకపోడమే మంచిదైంది" అన్నాడు. అది ఓదార్పో, సంతోషమో నాకు అర్థం కాలేదు. ఆ రోజు నుంచీ చాప నా పక్కనే వేసుకున్నాడు.

గడువు అయిపోయిన రోజు మమ్మల్ని మెట్ల కింద నిలబెట్టి, ఆడవాళ్ళందరూ దూరం నుంచి పసుపునీళ్ళు, వేపాకు కలిపి బిందెలతో విసిరికొట్టారు. భక్తి కొంత, కసి కొంత. పచ్చ దుప్పటి దక్కని వదిన బిందె కూడా విసిరింది. మేము ఇంకా తడి తుడుచుకుంటున్నాం, వెనక్కి చూస్తే డాబా మీద ఒక్క సబ్బు మిగల్లేదు.

అసలు జబ్బు మా ఊరికి మరుసటి ఏడాది వచ్చింది. విమానంలో రాలేదు. టెక్కలి దగ్గర ఏదో పెళ్ళి భోజనాల నుంచి ఆటోలో వచ్చింది. వరసగా ఇళ్ళల్లో దగ్గులు మొదలయ్యాయి. రోగిని ముట్టుకోవడానికి కన్నకొడుకులు జంకారు. అప్పుడు ఊరికి మేము గుర్తొచ్చాం. మేమిద్దరం ఒకసారి జబ్బు చూసి వచ్చినవాళ్ళమట, మమ్మల్ని అది ముట్టదట. మాకు అసలు ఆ జబ్బే రాలేదని ఎంత మొత్తుకున్నా ఎవరూ వినలేదు. బావకి లోపల వణుకే. అయినా పిలుపొస్తే నాతో వచ్చేవాడు. మంచాలతో సహా మోశాం. అమ్మతో కలిసి గంప మోసిన ఒకావిణ్ణి మోశాం, ఆవిడ తిరిగి రాలేదు. అమ్మ బజారుకి ఒంటరిగా పోవడం మొదలైంది ఆ వారం నుంచే.

కులపెద్ద మావకి ఊపిరి ఆడడం లేదని ఆయన భార్య, మా అత్త, వచ్చి మా గుమ్మంలో ఏడ్చింది. మావ మంచి భారీ మనిషి. అంబులెన్సు సిమెంటు రోడ్డు దగ్గరే ఆగిపోయింది, ఇసకలోకి రాదు. నేను తలవైపు, బావ కాళ్ళవైపు పట్టుకున్నాం.

"నెమ్మదిగా… ఒరే… సేపల గంప… కాదు నాను" అన్నాడు మావ, ఒక్కో మాటకీ ఊపిరి వెతుక్కుంటూ.

"గంపైతే నోరుమూసుకునుంటాది" అన్నాడు బావ.

శ్రీకాకుళం చేరుతుంటే మావ నా చెయ్యి పట్టుకుని, బండి అరసవల్లి మీదుగా పోనిమ్మన్నాడు, సూర్యనారాయణమూర్తికి దండం పెట్టుకుంటాడట.

"దండం తర్వాత పెడుదువు గానీ, ముందు ఊపిరి తియ్యి" అన్నాడు బావ. అంటూనే తల అటు తిప్పుకుని కళ్ళు తుడుచుకున్నాడు.

మావ చాలా రోజులు ఆక్సిజన్ మీద ఉన్నాడు. బతికాడు. సగం మనిషై తిరిగొచ్చాడు. నాలుగు రోజులు ఓపిక పట్టి, మా ఇంటికి వచ్చి, అరుగు మీద మా ఇద్దరి మధ్యన ఇరుక్కుని కూకున్నాడు. థాంక్స్ లాంటి మాటలేమీ లేవు. మూతికి గుడ్డ కూడా లేదు. సముద్రం గాలి పీల్చేవాళ్ళకి, ఉప్పు చేప తినేవాళ్ళకి ఈ జబ్బు ఎందుకు రాదో మాకు వివరంగా చెప్పాడు. చెబుతూ చెబుతూ మా మొహాల మీదే దగ్గాడు. మా అమ్మ చీపురు తీసుకుని బయటికి వచ్చేదాకా కదల్లేదు.