జేబులో ఫ్యూజు

నర్సీపట్నంలో మాకు కరెంటు పనులు చేసిన పెద్దాయన, ఏ ఇంట్లో పని పట్టినా ముందు మెయిన్ ఫ్యూజు పీకి చొక్కా జేబులో వేసుకునేవాడు. "నా పేణం నా జేబులోనే ఉండాలమ్మా" అనేవాడు.

మొన్న మే నెలలో ఏసీ వేసిన పది నిమిషాలకే బ్రేకర్ పడిపోతుంటే ఆయన్ని పిలిచాను. బ్రేకర్ విప్పి, మాడి నల్లబడిన వైరు చూపించాడు.

"బ్రేకర్ తప్పేటీ లేదు. వైరే సన్నం, ఏసీ లోడు మొయ్యలేకపోతంది. లావు వైరు తెచ్చి బేగి వొచ్చెత్తాను" అని, ఫ్యూజు జేబులోనే ఉంచుకుని సైకిలెక్కాడు.

చీకటి పడినా రాలేదు. ఉక్కలో కూర్చుని ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. మర్నాడే వేరొకరిచేత కొత్త వైరూ, ఫ్యూజూ వేయించుకున్నాను.

నాలుగో రోజు తెల్లచీర కట్టుకున్న ఒకావిడ గుమ్మంలోకి వచ్చింది. ఆయన భార్యనని చెప్పింది. వైరు కొట్టు మెట్ల మీదే ఆయన గుండె ఆగిపోయిందట. చర్చిలో ప్రార్థన చేయించి మట్టి చేశారట.

"మా ఆయన జేబులో ఉందమ్మా. ఎవరిల్లు సీకటిగుండిపోయిందో అని నిన్నట్నుంచి ఇల్లిల్లూ అడుగుతన్నాను" అంటూ కొంగుముడి విప్పి ఫ్యూజు నా చేతిలో పెట్టింది.

లోపల ఏసీ నడుస్తోంది. ఆ చప్పుడు ఆవిడకి వినబడకూడదని తలుపు దగ్గరికి లాగాను.